నవంబరులో వెళ్లి చూడండి మాస్టారూ

ప్రశ్న: నేను భౌతికశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసినవాణ్ని. మల్కాజిగిరిలో సొంత ఫ్లాటు ఉంది, మూడో అంతస్తు. పక్షులంటే పిచ్చి. ఊరికి ఈ కొస నుంచి ఆ కొసకు, అమీన్‌పూర్ చెరువు దాకా వెళ్లి చూసి వస్తుంటాను. గత జనవరిలో చెన్నైలోని మా అమ్మాయి ఇంటికి వెళ్తూ, దారిలో సూళ్లూరుపేటలో దిగి రెండు రోజులు పులికాట్ సరస్సు చూశాం. నీళ్ల నిండా ఫ్లెమింగోలే! మర్నాడు కారు మాట్లాడుకుని వాకాడు వైపు, తూపిలిపాళెం బీచికి వెళ్లాం. అక్కడ ఒకాయన ‘సముద్రానికి నూట యాభై మీటర్లే’ అంటూ ఒక ప్లాటు చూపించాడు. ఇక్కడి ఫ్లాటు అమ్మేసి అక్కడ చిన్న ఇల్లు కట్టుకోవాలని నా ఆశ. మా ఆవిడది కరీంనగర్. ‘నీళ్లు చూడటానికి ట్యాంక్‌బండ్ చాలదా? సునామీ వస్తే ఈ మోకాళ్లతో ఎక్కడికి పరిగెత్తను? అక్కడ మనకు తెలిసినవాళ్లు ఎవరున్నారు?’ అంటుంది. రెండు రోజులు చూసిన సుఖం ఏడాది పొడుగునా ఉంటుందా? అడ్వాన్సు ఇవ్వమంటారా? ఇంకొక చిన్న సందేహం: పక్షుల్ని చూడటానికి ఎలాంటి బైనాక్యులర్ కొనాలి?

– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, మల్కాజిగిరి

సమాధానం: మాస్టారూ, అడ్వాన్సు ఇవ్వకండి. ఫ్లాటు అమ్మకండి. కానీ తప్పకుండా వెళ్లండి.

నేను ఆ తీరంలోనే పెరిగి, ఉద్యోగం కోసం హైదరాబాద్ వచ్చి ఇక్కడే ఉండిపోయినదాన్ని. కాబట్టి నా మాటల్లో కొంత పక్షపాతం ఉంటుంది. ఆ మేరకు తగ్గించుకుని చదువుకోండి. అయితే మీ ఉత్తరంలో మీరు గమనించని తిరకాసు ఒకటుంది. మీకు నచ్చింది సరస్సు, మీరు కొనబోతున్నది సముద్రం పక్కన స్థలం. ఈ రెండింటి స్వభావాలూ వేరు, వాటి పక్కన బతకడమూ వేరు.

సముద్రం మొదటి రోజునే తన దగ్గరున్నదంతా చూపించేస్తుంది. అలలు, హోరు, తెల్లవారుజామున నీళ్లలోంచి పైకొచ్చే సూర్యుడు, కాళ్ల కింద జారే ఇసుక. రెండో వారానికి మీరు కిటికీ వేసుకుని వార్తాపత్రిక చదువుకుంటూ ఉంటారు. సముద్రాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. ఒడ్డున పదుల మంది కలిసి పెద్ద వలను లాగుతుంటే చూడటం, అడుగు చప్పుడుకు బొరియల్లోకి పరుగెత్తే ఎర్ర పీతలు, జనవరి నుంచి మార్చి దాకా రాత్రివేళ గుడ్లు పెట్టడానికి ఇసుక మీదికి వచ్చే ఆలివ్ రిడ్లీ తాబేళ్లు, ఇవన్నీ నాకూ ఇష్టమే. కానీ వీటి కోసం ఒడ్డునే ఇల్లు కట్టుకోనక్కర్లేదు. వెళ్లి, చూసి, సాయంత్రానికి తిరిగి రావచ్చు.

సరస్సు అలా కాదు. అది ఒక్క రోజులో ఏమీ చెప్పదు. పులికాట్‌ను మీరు జనవరిలో చూశారు కనుక అది ఎప్పుడూ అలాగే ఉంటుందని అనుకున్నారు. ఏడాదిలో ఆ నీళ్లు నాలుగైదు వేషాలు వేస్తాయి. ఉప్పునీటి సరస్సు పక్కన కాపురం చేయడంలోని అసలు సుఖం ఆ వేషాలన్నీ వరుసగా చూడటమే.

ఆ సరస్సు ఎలా పనిచేస్తుందో మీకు చెబితే వెంటనే పట్టుకుంటారు. సముద్రానికీ పులికాట్‌కూ మధ్య శ్రీహరికోట దీవి పొడుగ్గా, అడ్డుగోడగా ఉంది. కాళంగి, ఆరణి వంటి నదులు పడమటి నుంచి మంచినీళ్లు తెస్తాయి. ఇసుకను కోసుకుని ఏర్పడిన ముఖద్వారాల గుండా సముద్రం ఉప్పునీళ్లు పంపుతుంది. మన దేశంలో చిలికా తర్వాత రెండో పెద్దదిగా చెప్పుకునే ఉప్పునీటి సరస్సు ఇది. ఎక్కువ భాగం ఆంధ్రప్రదేశ్‌లో, దక్షిణపు కొస తమిళనాడులో ఉంది. ఇంత పెద్దదైనా లోతు మాత్రం లేదు. చాలాచోట్ల నడుము లోతు కూడా ఉండదు. (కొల్లేరు కూడా ఇలాంటిదే కదా అని కొందరు అంటుంటారు. అది మంచినీటి సరస్సు, దీనికీ దానికీ పోలిక లేదు.) వానలు పడినప్పుడు నీళ్లు దాదాపు మంచినీళ్లంత తియ్యగా అవుతాయి, ఎండాకాలానికి సముద్రం కన్నా ఉప్పగా మారే చోట్లూ ఉంటాయి. రొయ్య సముద్రంలో గుడ్లు పెడుతుంది. దాని పిల్లలు ముఖద్వారం గుండా సరస్సులోకి వచ్చి, ఈ లోతు తక్కువ నీళ్లలో, పుష్కలమైన మేతతో పెరిగి, మళ్లీ సముద్రానికి వెళ్లిపోతాయి. అందుకే ఉత్తరాన రాయదొరువు దగ్గర ముఖద్వారం ఇసుకతో పూడిపోవడం అక్కడి మత్స్యకారులకు జీవన్మరణ సమస్య అయింది. ద్వారం మూసుకుపోతే రొయ్య రాదు, చేప రాదు, సరస్సు తొందరగా ఎండుతుంది, మీ ఫ్లెమింగోలు కూడా ముందే మూట కట్టేస్తాయి. ఆ ఊళ్లలో ఏ అరుగు మీద కూర్చున్నా ఈ పూడిక మాట రాకుండా ఉండదు.

ఇప్పుడు ఏడాది చెబుతాను. అక్టోబరులో ఈశాన్య రుతుపవనాలు మొదలవుతాయి. హైదరాబాద్‌లో వానాకాలం ముగిసిందని గొడుగులు అటక మీద పెట్టే రోజుల్లో అక్కడ అసలు వానాకాలం ఆరంభం. ఏడాది వర్షంలో పెద్ద వాటా డిసెంబరులోగా పడిపోతుంది. ఆకాశం రోజుల తరబడి బూడిదరంగులో ఉంటుంది, బట్టలు ఆరవు, గోడలు చెమరుస్తాయి. కానీ సరస్సు నిండుతుంది. ఎక్కడ నేల ముగిసి ఎక్కడ నీరు మొదలైందో తెలియని ఆ రోజుల్లో పులికాట్ చూడని మనిషి పులికాట్ చూసినట్టు కాదని నా అభిప్రాయం.

ఆ వానల వెనకే పక్షులు. మీరు ఫ్లెమింగోల గురించే రాశారు, నేలపట్టుకు వెళ్లారో లేదో రాయలేదు. వెళ్లకపోతే సగమే చూశారు. దొరవారిసత్రం దగ్గర ఆ చిన్న ఊరి చెరువులో, నీళ్లలో నిలబడే కడప చెట్ల మీద గూడబాతులు (పెలికాన్లు) గూళ్లు కట్టి పిల్లల్ని పెంచుతాయి. వాటితో పాటు నత్తగుళ్లకొంగలు, తెడ్డుమూతి కొంగలు, నీటికాకులు. కాపురం నేలపట్టులో, వేట పులికాట్‌లో. పొద్దున్నే సరస్సుకు వెళ్లి చేపలతో తిరిగి వచ్చే గూడబాతులను రెండు రోజుల యాత్రికుడు ఒకసారి చూస్తాడు. అక్కడ ఉండేవారికి వాటి సంసారం మొత్తం తెలుస్తుంది. ఏ గూడు ఖాళీగా ఉంది, ఏ గూట్లో పిల్లలు రెక్కలు విదిలిస్తున్నాయి, ఏవి ఎగరడానికి జంకుతున్నాయి, ఇవన్నీ. ఆ పక్షుల రెట్ట కలిసిన చెరువు నీళ్లు పొలాలకు మంచి ఎరువని రైతులు నమ్ముతారు, అందుకే వాటి జోలికి వెళ్లరు. అమీన్‌పూర్‌ను 2016లో జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించినా దాని చుట్టూ ఏం జరుగుతోందో మీరు కళ్లారా చూస్తున్నవారే. పక్షులతో ఊరు సర్దుకుని బతకడం ఎలా ఉంటుందో నేలపట్టులో చూడండి.

జనవరి, ఫిబ్రవరి మీకు తెలిసినవే. ఫ్లెమింగోకు లోతు నచ్చదు. తల కిందులుగా పెట్టి, ముక్కుతో బురదనీళ్లు వడపోసుకుని తినే పక్షికి మోకాలి లోతు నీళ్లు కావాలి. నీళ్లు తగ్గేకొద్దీ వాటి మేత బీళ్లు జరుగుతూ ఉంటాయి, అవీ జరుగుతూ ఉంటాయి. మొన్న రోడ్డు పక్కనే కనిపించినవి ఈ వారం దూరంగా గులాబీ గీతలా మిగులుతాయి. ఎక్కడికి జరిగాయో వెతుక్కుంటూ వెళ్లడం మీవంటి వారికి మంచి కాలక్షేపం.

మార్చి దాటాక సరస్సు వెనక్కి తగ్గుతుంది. ఉత్తర భాగంలో బీటలు వారిన నేల, దాని మీద తెల్లగా ఉప్పు పొర. మధ్యాహ్నం ఎండమావులు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరమంతా మర పడవల సముద్రవేటకు నిషేధం, కాబట్టి మార్కెట్లోనూ సందడి తగ్గుతుంది. మేలో ఎండ మన ఎండకు తీసిపోదు, పైగా చెమట. మధ్యాహ్నానికి గాలి సముద్రం వైపు నుంచి తిరిగితే ప్రాణం లేచొస్తుంది. పడమటి గాలి గట్టిగా ఉన్న రోజున ఆ తూర్పు గాలి రావడం సాయంత్రం దాకా ఆలస్యమవుతుంది. అక్కడివాళ్లు అప్పుడు దాని కోసం బంధువు కోసం ఎదురుచూసినట్టు ఎదురుచూస్తారు. ఫ్యాను కింద కూర్చున్న మనిషి హఠాత్తుగా లేచి వీధిలోకి వెళ్లి నిలబడతాడు. గాలి తిరిగిందన్నమాట. ఎయిర్‌కండిషనర్ గదిలో ఉంటే ఈ ఘట్టం మీకు తెలియదు, అది వేరే సంగతి.

జూన్ నుంచి సెప్టెంబరు దాకా పెద్దగా చెప్పుకోవడానికి ఏమీ లేదు. దుమ్ము, సాయంత్రాల ఉరుములు, ఎప్పుడైనా ఒక జల్లు.

ఇక రోజువారీ సుఖాలు. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు వెళ్లే రోడ్డు సరస్సును చీల్చుకుంటూ పోతుంది, రెండు వైపులా నీళ్లే. మధ్యలో అటకానితిప్ప దగ్గర అటవీశాఖ వాళ్ల కేంద్రం ఉంది. సాయంత్రం అక్కడికి వెళ్తే ఆకాశం మొత్తం ఒకేసారి కనిపిస్తుంది. హైదరాబాద్‌లో మనకు ఆకాశం అపార్ట్‌మెంట్ల మధ్య ముక్కలుగా దొరుకుతుంది కదా, ఆ తేడా మొదట కళ్లకు కాక భుజాలకు తెలుస్తుంది. బిగించుకున్నవి వదులవుతాయి. పొద్దు పడమట నేల మీద కుంకుతుంది, చంద్రుడు తూర్పున సముద్రం వైపు నుంచి వస్తాడు. పున్నమి నాడు రెండూ ఒకేసారి, చెరో వైపు. దానికి టికెట్టు లేదు.

పొద్దున్నే మార్కెట్టు. మీరు చేపలు తింటారో తినరో రాయలేదు. తింటే మాత్రం మృగశిర కార్తె నాడు రాంనగర్ చేపల మార్కెట్లో మోచేతులతో దారి చేసుకుని తెచ్చుకున్న రుచి ఇక గుర్తుకు రాదు. ఐసు ముఖం చూడని రొయ్యలు, గంపలో ఇంకా గిలగిల్లాడే మడవలు, తాళ్లతో కట్టిన పీతలు. పుల్ల మామిడికాయ వేసి మట్టిదాకలో చేసిన చేపల పులుసు మర్నాటికి ఇంకా బాగుంటుందన్నది నెల్లూరు సీమలో ఎవరూ కాదనని మాట. మీ శ్రీమతికి కరీంనగర్ చింతపులుసు చేయి ఉంటుంది కనుక ఆమె వారం రోజుల్లో పక్కింటివాళ్లకు పాఠాలు చెప్పే స్థాయికి వస్తారు.

రాకెట్ల సంగతి మరిచాను. 1971 అక్టోబరు 9న రోహిణి ఆర్‌హెచ్-125 ఎగిరింది మొదలు శ్రీహరికోట దేశమంతటికీ టీవీ దృశ్యం. సూళ్లూరుపేట వాళ్లకు మాత్రం మిద్దె మీది దృశ్యం. రాత్రి ప్రయోగమైతే తూర్పు దిక్కు మొత్తం కాసేపు పగలవుతుంది, సరస్సు నీళ్లలో అదే వెలుగు మళ్లీ. శబ్దం వెంటనే రాదు. మీరు విద్యార్థులతో వేయించిన లెక్కే: ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు, ప్రయోగవేదిక దాదాపు 20 కిలోమీటర్లు. వెలుగు పైకి లేచి దాదాపు నిమిషం గడిచాక ఆ ఉరుము వచ్చి కిటికీ తలుపులను వణికిస్తుంది. గడియారం పట్టుకుని నిలబడి దూరం లెక్కగట్టండి, పక్కన చుట్టుపక్కల పిల్లలు ఉంటే మరీ మంచిది.

ఈ వర్ణనంతా చదివి మీరు మళ్లీ ఆ ప్లాటాయనకు ఫోను చేస్తారేమోనని భయంగా ఉంది, కాబట్టి దాని సంగతి తేలుస్తాను. తీర నియంత్రణ మండలం (సీఆర్‌జెడ్) నిబంధనలు 1991 నుంచి ఉన్నాయి. 2011 నోటిఫికేషన్ ప్రకారం గ్రామీణ తీరంలో సముద్రపు పోటు గీత (పోటు వేళ నీళ్లు చేరే అంచు) నుంచి 200 మీటర్ల దాకా నిర్మాణాలు నిషిద్ధం. 2019లో, 2011 జనాభా లెక్కల ప్రకారం చదరపు కిలోమీటరుకు 2,161 మందికి మించి ఉన్న గ్రామాలకు దాన్ని 50 మీటర్లకు తగ్గించారు, మిగిలిన గ్రామాలకు 200 మీటర్లు అలాగే ఉంది. మీకు చూపించింది ‘నూట యాభై మీటర్ల’ ప్లాటు. అదీ అలలు తాకే చోటు నుంచి ఆయన అడుగులతో కొలిచిన లెక్క అయి ఉంటుంది. పోటు గీత అంతకన్నా లోపలికి ఉంటుంది. అక్కడ ఇల్లు కట్టుకునే హక్కు మీకు దాదాపు లేనట్టే. ఇది చాలదన్నట్టు ఆ వైపు అసైన్డ్ భూములు, పక్షుల అభయారణ్యం హద్దులు, ఆ చిక్కులు వేరు. తీర నియంత్రణ మండలం పటంలో సర్వే నంబరు చూపించమని అడగండి. ఆయన మాట మార్చే తీరులోనే మీకు జవాబు దొరుకుతుంది. నియమాల మాట పక్కన పెట్టినా, సముద్రం ఒకచోట నిలబడి ఉండేది కాదు. కాకినాడ దగ్గర ఉప్పాడ వెళ్లి చూడండి, ఎన్ని ఇళ్లు నీళ్లలో కలిశాయో అక్కడి పెద్దలు వేలు పెట్టి చూపిస్తారు.

అన్నింటికన్నా పెద్ద విషయం నీళ్లు. హైదరాబాద్‌లో బోరు ఎండితే మనకు తెలిసిన వైద్యం ఒకటే, ఇంకో రెండు వందల అడుగులు దించడం. తీరంలో ఆ వైద్యం రోగిని చంపుతుంది. మంచినీరు ఉప్పునీటి కన్నా తేలిక, అందుకని భూమిలో దాని మీద తేలుతూ ఉంటుంది. సాంద్రత ఒకటి 1.000, ఇంకొకటి సుమారు 1.025. లెక్క మీరే వేయగలరు: సముద్రమట్టానికి పైన ఒక అడుగు మంచినీరు ఉంటే కింద దాదాపు నలభై అడుగుల మంచినీరు ఉంటుంది. పైన ఒక అడుగు తోడేస్తే కింద ఉప్పు నలభై అడుగులు పైకి ఎగబాకుతుంది. లోతుకు పోయేకొద్దీ ఉప్పే. పాతకాలం వాళ్లు ఈ సూత్రం పేరు తెలియకుండానే పాటించారు. ఇసుక నేలలో లోతు తక్కువగా, వెడల్పుగా దొరువులు తవ్వి, పైపై మంచినీటిని మాత్రం మెల్లగా తీసుకుని కూరగాయలు, నారుమళ్లు పెంచారు. మోటారు పెట్టి ఒక్కసారిగా లాగేవాళ్లు వచ్చాక చాలా దొరువులు ఉప్పబడ్డాయి. కాబట్టి ఏ ఇల్లు చూసినా ముందు వంటింట్లో కుళాయి తిప్పి ఒక గుక్క తాగండి, వేసవిలో నీళ్లు ఎక్కడి నుంచి తెచ్చుకుంటారని పక్కింటి ఆవిడను అడగండి. ఇంటి యజమానిని అడగకండి.

తుప్పు గురించి ఒక్క మాట. అలల తుంపర మోసుకొచ్చే ఉప్పు ఒడ్డుకు కొన్ని వందల మీటర్ల లోపు ఇళ్లను కొరుక్కు తింటుంది. ఇనుప బీరువా, గేటు మడత బందులు, ఏసీ బయటి పెట్టె, చివరికి స్లాబులోని ఇనుప కడ్డీలు. కడ్డీ తుప్పు పట్టి ఉబ్బి పైన ఉన్న కాంక్రీటును పగలగొడుతుంది. ఒడ్డు నుంచి దూరం జరిగేకొద్దీ ఈ బాధ చాలా తగ్గుతుంది. సూళ్లూరుపేటకూ సముద్రానికీ మధ్య సరస్సు, శ్రీహరికోట దీవి రెండూ ఉన్నాయి. ఉక్కపోత, దోమలు మాత్రం తప్పవు.

అందుకని నా సలహా ఇది. మల్కాజిగిరి ఫ్లాటును అద్దెకు ఇవ్వండి. సూళ్లూరుపేటలో ఏడాదికి ఇల్లు అద్దెకు తీసుకోండి, మెట్లు లేనిది, కానీ పునాది రోడ్డుకు బాగా ఎత్తుగా ఉన్నది. సెప్టెంబరు ఆఖరులో చేరండి. జనవరిలో చేరితే మీరు మళ్లీ ప్రేమలో పడతారు తప్ప మీకేమీ తెలియదు. నవంబరులో మూడు రోజులు ఎడతెగకుండా కురిసి, కరెంటు పోయి, కాళంగి పొంగిందని వీధిలో కేకలు వినపడ్డ రాత్రి మీ ఇద్దరికీ ఆ ఊరు ఎలా ఉందో చూసుకోండి. 2015 నవంబరు వానలకు ఆ వైపు రోడ్డు, రైలు రాకపోకలు స్తంభించిన సంగతి పత్రికల్లో మీరూ చదివే ఉంటారు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా నెలకు సరిపడా మందులు ఇంట్లో ఉంచుకోవడం అక్కడ అలవాటు చేసుకోవాలి. చెన్నై, నెల్లూరు, తిరుపతి మూడూ ఇంచుమించు వంద కిలోమీటర్ల లోపే. చెన్నై నుంచి సూళ్లూరుపేట దాకా లోకల్ రైళ్లు నడుస్తాయి కనుక అమ్మాయి ఆదివారం పొద్దున వచ్చి రాత్రికి వెళ్లిపోవచ్చు. మల్కాజిగిరిలో ఉంటే ఏడాదికి ఎన్నిసార్లు వస్తోందో ఒకసారి లెక్క చూసుకోండి.

ఒక నిజం ముందే చెప్పాలి. సూళ్లూరుపేటలో సముద్రం కనిపించదు. శ్రీహరికోట ఒడ్డు అంతరిక్ష కేంద్రం పరిధిలో ఉంది, అక్కడ విహారానికి వీలు లేదు. ఇసుక, అలలు కావాలంటే ఉత్తరాన తూపిలిపాళెం, దక్షిణాన తమిళనాడు వైపు పులికాట్ ఊరు. డచ్చివాళ్లు 1613లో కోట కట్టిన ఊరది. నెలకు రెండు మూడు సార్లు వెళ్లి రండి. వెళ్లినప్పుడు మోకాలి లోతు దాటకండి, మరీ ముఖ్యంగా ముఖద్వారాల దగ్గర. పైకి నిమ్మళంగా కనిపించే నీటి కింద ఈడ్చుకుపోయే ప్రవాహం ఉంటుంది. ఎప్పుడైనా అందులో చిక్కుకుంటే ఒడ్డు వైపు పెనుగులాడకుండా, ఒడ్డుకు సమాంతరంగా పక్కకు జరగాలి.

ఇప్పుడు మీ శ్రీమతి గారి ప్రశ్నలు. మీ ఉత్తరంలో ఆవిడ మాటలే నాకు ఎక్కువ నచ్చాయి.

సునామీ భయం అర్థం లేనిది కాదు. 2004 డిసెంబరు 26ను తీరంలో ఎవరూ మరిచిపోలేదు. అయితే ఆ తర్వాత దేశమంతటి తీరానికీ హెచ్చరికలు పంపే కేంద్రాన్ని 2007లో ఎక్కడ పెట్టారో ఆవిడకు చెప్పండి: హైదరాబాద్‌లోనే, ప్రగతినగర్‌లోని ఇన్‌కాయిస్‌ (భారత జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రం)లో. సముద్రం అడుగున భూకంపం వచ్చిన కొద్ది నిమిషాల్లో లెక్కలు కట్టేది అక్కడే. ఉప్పెన, ఎత్తైన అలల సమాచారం కూడా అక్కడి నుంచే వెళ్తుంది. వీలైతే ఊరు మారేముందు ఆ పక్కగా ఒకసారి తీసుకెళ్లి చూపించండి, ధైర్యంగా ఉంటుంది. పైగా సూళ్లూరుపేట సముద్రపు ఒడ్డు ఊరు కాదు, మధ్యలో దీవి అడ్డం ఉంది. అక్కడ భయపడాల్సింది వరదకు. అందుకే ఎత్తు పునాది అన్నాను.

తెలిసినవాళ్లు లేరన్నది మాత్రం బరువైన మాట. దానికి నా దగ్గర సాంకేతిక సమాధానం లేదు. మీకు పక్షులు ఉన్నాయి, పొద్దున్నే లేచి వెళ్లిపోతారు. ఆవిడ ఆ ఇంట్లో పదకొండు గంటలప్పుడు ఎవరితో మాట్లాడతారు? మగవాళ్లు ఇలాంటి ప్రణాళికలు వేసేటప్పుడు కిటికీలోంచి ఏం కనిపిస్తుందో ఆలోచిస్తారు గానీ తలుపు ఎవరు తడతారో ఆలోచించరు. ఇల్లు వెతికేటప్పుడు సరస్సుకు దగ్గర అని కాకుండా నలుగురు ఆడవాళ్లు సాయంత్రం అరుగు మీద కూర్చునే వీధి చూడండి. కాళంగి ఒడ్డున చెంగాళమ్మ గుడి ఉంది, రాత్రిళ్లు కూడా తలుపులు వేయరని పేరు. ప్రయోగాలకు ముందు శాస్త్రవేత్తలు కూడా వచ్చి దండం పెట్టుకుని వెళ్తారు. ఆ చుట్టుపక్కల అద్దె ఇల్లు దొరికితే ఆవిడకు కాలు బయటపెట్టడానికి ఒక చోటు ఉంటుంది. మోకాళ్లకు కూడా అక్కడి చదును నేల మూడో అంతస్తు మెట్ల కన్నా నయం. తెలుగులో తమిళం కలిసి వినిపించే ఊరు కనుక ఆవిడ యాసను ఎవరూ వింతగా చూడరు, ఆసక్తిగా వింటారు.

ఏడాది గడిచాక ఉండాలా వద్దా అన్నది ఆవిడను నిర్ణయించనివ్వండి. వద్దంటే వెనక్కి రావడానికి ఫ్లాటు ఉంటుంది, ఏటా డిసెంబరు, జనవరిలో ఇద్దరూ వెళ్లి రెండు నెలలు ఉండి రావచ్చు. అదీ మంచి ఏర్పాటే.

బైనాక్యులర్ 8×42 తీసుకోండి, అంటే ఎనిమిదింతలు చూపించేది, ముందు కటకం 42 మిల్లీమీటర్లది. పదింతలు చూపించేవి కొనమంటారు, కొనకండి. సరస్సు గాలికి చేయి వణికితే బొమ్మ కూడా పదింతలు వణుకుతుంది. 42ను 8తో భాగిస్తే కంటికి చేరే వెలుగు పుంజం వెడల్పు 5 మిల్లీమీటర్ల పైచిలుకు వస్తుంది, మన వయసు కనుపాపలోకి అంతకు మించిన వెలుగు ఎలాగూ వెళ్లదు. చూసేది పొద్దున తొమ్మిది లోపు చూడండి, ఆ తర్వాత నీళ్ల మీది వేడిగాలికి పక్షులన్నీ అలుక్కుపోయి కనిపిస్తాయి. ఇంటికి రాగానే గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో పాటు పెట్టండి. అలా పెట్టకపోతే ఆ తేమకు ఒక్క వానాకాలంలోనే కటకాల లోపల బూజు పడుతుంది.